తలుపు దగ్గర చెక్కబూటు

అధ్యక్షస్థానంలో ఉన్న మా మండలాధ్యక్షురాలు ఉర్వె గారికి, రాజధాని నుంచి రెండు బస్సులు మారి మా సావిమే దాకా వచ్చిన విశ్వవిద్యాలయం పెద్దలకు, ఈ గ్రంథాలయాన్ని ఇల్లులా చూసుకునే అమ్మలకు, వెనక కాఫీ కాస్తున్నవాళ్లకు, గోడకి ఆనుకుని ఉన్నవాళ్లకు, ఇన్ని ఖాళీ కుర్చీలున్నా కూర్చోనంటే కూర్చోనని తలుపు దగ్గరే నిలబడ్డ మా ఎల్మార్‌కి, అందరికీ నా నమస్కారాలు. ఎవరి పేరైనా మరిచిపోయుంటే ఇక్కడే తిట్టేయండి. ఈవేళ నాకు ఏ తిట్టూ తగలదు.

కార్యక్రమం కాగితంలో ‘తండ్రి గారి రెండు మాటలు, మూడు నిమిషాలు’ అని వేశారు. ఆ మూడు నిమిషాలూ ఈ మెట్లెక్కడానికే అయిపోయాయి. మా ఆవిడ అస్తా నిన్న కూర్చుని నాకు అరపేజీ రాసిచ్చింది, చక్కటి ఎస్టోనియన్ భాషలో, ఒక్క తప్పు లేకుండా. అది కోటు జేబులో ఉంది, అక్కడే ఉంటుంది. నేను ఈవేళ ఈ దక్షిణాది పల్లెల్లో మాట్లాడుకునే మా వోరో భాషలోనే మాట్లాడతాను. రాజధాని పెద్దలకి అర్థం కానిచోట మా అల్లుడు రైవో పక్కన కూర్చుని చెవిలో చెబుతాడు. అతను మర్యాదస్తుడు, నా మాటల్లో సగం మింగేసి మిగతా సగమే చెబుతాడు, కాబట్టి మీరు ఒకసారి నవ్వినచోట మావాళ్లు రెండుసార్లు నవ్వితే ఏమీ అనుకోకండి. (నవ్వులు)

నా పేరు వల్దుర్. ఏడో తరగతి దాకా చదివాను. ముప్ఫై ఒక్కేళ్లు ట్రాక్టరు తోలాను. ఈవేళ మీరు శాలువా కప్పిన హెల్వె నా కూతురు. ఈ మాట ఇంకోసారి అనాలనుంది, అంటాను, ఎవరేమనుకున్నా సరే: హెల్వె నా కూతురు.

పద్దెనిమిదేళ్లుగా అంతర్జాలంలో మన వోరో విజ్ఞానసర్వస్వానికి నిర్వాహకురాలిగా ఉండి ఈవేళ ఆ బాధ్యత దించుకుంటోంది. ఆ పెద్ద పేరు నాకు నోరు తిరగదు. ఊళ్లో మేం దాన్ని కాగితం లేని పుస్తకం అంటాం, ఇక మీదట పుస్తకం అనే అంటాను. జీతం లేని పని. పగలు ఇక్కడ గ్రంథాలయంలో ఉద్యోగం, సాయంత్రం ఆ పుస్తకం. ఎవరో రాసింది దిద్దడం, దెబ్బలాడుకునేవాళ్లని విడదీయడం, అల్లరిచిల్లరగా రాసి పోయినవాళ్ల రాతలు తుడవడం, రాయడం రాదని సిగ్గుపడే ముసలాళ్లని బతిమాలడం. ఇంతకాలం ఒక్కతే చేసిన ఈ పనిని ఇకనుంచి ఐదుగురు పంచుకుంటారట. ఏరీ ఆ ఐదుగురు, ఒక్కసారి లేచి నిలబడండి, చూద్దాం. ఎల్మార్, నువ్వు ముందే నిలబడున్నావు, సరే. (నవ్వులు)

ఈ ఎల్మార్ ఆ పుస్తకంలో పుట్టగొడుగుల మీద నలభై ఒక్క వ్యాసాలు రాశాడు. ఏ పుట్టగొడుగు ఎలా ఉంటుందో, ఎప్పుడు మొలుస్తుందో, తింటే ఏమవుతుందో అన్నీ చెప్పాడు గాని, ఏ అడవిలో ఏ చెట్టు కింద దొరుకుతుందో మాత్రం నలభై ఒక్కింటిలో ఒక్కదాంట్లోనూ రాయలేదు. మన మనిషి అంటే అదీ. (నవ్వులు, చప్పట్లు)

కాస్త గంభీరంగా ఒక మాట చెబుతాను. నా చిన్నప్పుడు మా భాషలో ఏం మాట్లాడుకునేవాళ్లం? ఆవు ఈనింది, దుంపకి తెగులొచ్చింది, ఫలానావాడి కుక్క మళ్లీ తాడు తెంపుకుంది. అంతకు మించిన విషయం వస్తే ఇంటిబట్టలు విప్పి ఊరిబట్టలు తొడుక్కున్నట్టు ఎస్టోనియన్‌లోకి మారిపోయేవాళ్లం. మా భాషకి అక్కడిదాకానే దారి ఉందని మేమే అనుకునేవాళ్లం. నాలుగేళ్ల కిందట నా గుండెలో స్టెంటు వేశారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, భయంతో ఎవరికీ చెప్పకుండా, ఆ పుస్తకంలో ‘గుండె’ అనే పేజీ తెరిచాను. నాలుగు గదులు, వాటి మధ్య తలుపులు, రక్తం ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో అంతా మా అమ్మ మాట్లాడే మాటల్లో ఉంది. డాక్టరు నాకు అరగంట చెప్పినా ఎక్కనిది ఆ పేజీ పది నిమిషాల్లో ఎక్కించింది. అప్పటిదాకా నా ఒంట్లో కొట్టుకుంటున్నది ఎవరో పరాయివాళ్ల గుండెలా ఉండేది, ఆ రోజుతో అది నాదైంది. దాన్ని రాసింది ఎవరనుకున్నారు? ఇదిగో, రెండో వరసలో ఉన్న మెర్లె డాక్టరమ్మ. ఆవిడ పశువుల డాక్టరు. కనబడినప్పుడు అడిగాను, ఇందులో నాదెంత, ఆవుదెంత అని. ‘నాలుగు గదులూ ఇద్దరికీ ఒకటే వల్దుర్ గారూ, మీరు మాత్రం మేత తగ్గించండి’ అంది. (నవ్వులు)

ఇప్పుడు, మా అమ్మాయి చెప్పొద్దన్న సంగతి చెబుతాను. హెల్వె, తల దించుకోకు, నీ తప్పేమీ లేదు, తప్పంతా నాదే.

హెల్వెకి ఏడేళ్లు నిండిన వేసవిలో పట్నంలో బడికి తీసుకెళ్లాను. బల్ల వెనక ఒకాయన ఏదో అడిగాడు, నేను మా భాషలో జవాబు చెప్పాను, ఆయన నవ్వాడు. పక్కగదిలోంచి ఇంకొకాయన్ని పిలిచి, ఇందాక అన్నమాట మళ్లీ అనండి అన్నాడు. అన్నాను. ఇద్దరూ నవ్వారు. చెడ్డవాళ్లు కారు, నవ్వొచ్చింది, నవ్వారు. నా చెయ్యి పట్టుకున్న పిల్ల మాత్రం ముందు వాళ్ల ముఖాలు చూసింది, తర్వాత తల ఎత్తి నా ముఖం చూసింది. నన్ను చూసి ఎవరు నవ్వినా నాకు లెక్కలేదు గాని ఆ చూపు మళ్లీ చూడలేననుకున్నాను. ఆ సాయంత్రం భోజనాల దగ్గర చట్టం పెట్టాను: ఈ ఇంట్లో పిల్లతో ఎవరూ వోరో మాట్లాడకూడదు, అంతా ఎస్టోనియనే. అస్తాకి ఇబ్బంది లేదు, ఆమె ఉత్తరాది మనిషి, ఆమె భాషే అది. మా అమ్మ యూలా మాత్రం ఏమీ అనకుండా రొట్టె కోసుకుంటూ కూర్చుంది. అమ్మ ఊరుకుందంటే ఒప్పుకున్నట్టేనని సంతోషించాను. అరవై మైళ్ల దూరం నుంచి ట్రాక్టరు జబ్బు కనిపెట్టేవాణ్ని, అమ్మ మౌనం ఒక్కటి నాకు తెలియలేదు.

నా చట్టం బాగానే నడిచింది. పిల్ల చక్కగా చదివింది, ఎవరూ నవ్వలేదు, గ్రంథాలయంలో ఉద్యోగమొచ్చింది, పెళ్లయింది. ఆదివారం భోజనాలకి వస్తే దుంపలు అందించు, వాన వచ్చేలా ఉంది, ఆరోగ్యం ఎలా ఉంది అని తండ్రీకూతుళ్లం ఎస్టోనియన్‌లోనే మాట్లాడుకునేవాళ్లం. మంచి మాటలే. కాని నాకు ఆ భాషలో వేళాకోళం రాదు, కోపం రాదు, ముద్దూ రాదు. నలభై నాలుగేళ్లు నా కూతురితో నేను పట్నం ఆఫీసులో మనిషిలా మాట్లాడాను.

మంచినీళ్లు ఇస్తారా ఎవరైనా? లేదు, కన్నీళ్లేం కాదు, దాహం.

ఆరేళ్ల కిందట జనవరిలో మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. రెండు నెలలు మంచం. అప్పుడు ఈ ఎల్మార్ తన మనవరాలి పాత కంప్యూటరు తెచ్చి నా ఒళ్లో పెట్టి, ఒక పేజీ తెరిచి, “చదవరా, నీకు నచ్చదు” అన్నాడు. చూద్దును కదా, మా భాష! దాన్ని అచ్చులో నేను పెద్దగా చూసి ఎరగను, చదవడానికే పెదవులు కదపాల్సొచ్చింది. ఆ పేజీ మన ఆవిరికొట్టం గురించి. రాజధాని పెద్దలకి చిన్నమాట: మా పాతకాలం ఆవిరికొట్టానికి పొగగొట్టం ఉండదు. పొద్దున నిప్పు పెడితే పొగంతా లోపలే తిరిగి రాళ్లు కాలతాయి. నిప్పు ఆరాక, చేదుపొగ బయటికి పోయేదాకా తలుపు తీసిపెట్టి, అప్పుడు లోపలికెళ్లి రాళ్ల మీద నీళ్లు చల్లి, బిర్చి రెమ్మల కట్టతో ఒళ్లు బాదుకుంటాం. శనివారం శనివారం చేస్తాం. ఆ పేజీలో ఎవరో మహానుభావుడు, నిప్పు ఆరాక అరగంట ఆగితే చాలని రాశాడు. అరగంటకే లోపలికెళ్తే మనిషి తలనొప్పితో పడిపోతాడు! నేను మంచంలోంచి అరిచాను. వంటింట్లోంచి అస్తా ఎవరితోనని అడిగింది. పుస్తకంతో అన్నాను.

ఎల్మార్ నాకు ‘పాత ట్రాక్టరు’ అని పేరు పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించాడు. నా జీవితంలో మొదటిసారి మా భాషలో రాశాను, ఒంటి వేలితో: గంటన్నర ఆగాలి. మర్నాడు పొద్దున ‘రాతిపొయ్యి’ అనే ఆసామి నుంచి జవాబు. గౌరవనీయ పాత ట్రాక్టరు గారూ, మీ సవరణకు కృతజ్ఞతలు, ఆధారం తెలుపగలరు. నేను రాశాను, ఆధారం నేనే, డెబ్భై ఏళ్లుగా లోపలికెళ్లి ప్రాణాలతో బయటికొస్తున్నాను అని. దానికి జవాబు: మీరు ప్రాణాలతో ఉండటం మాకందరికీ సంతోషం, అయితే ముద్రితమైన ఆధారం కావలెను. (నవ్వులు)

ఇహ మొదలైంది. రోజూ పొద్దున లేవగానే ఆ వ్యాసం వెనక రాసేవాళ్లు వాదించుకునే చర్చ పేజీ తెరవడం, రాతిపొయ్యి ఏమందో చూడటం, పళ్లు నూరడం, రాయడం. ఆల్డర్ కట్టెలా బిర్చి కట్టెలా, మొదటి చెంబు నీళ్లు ఎవరు చల్లాలి, రెమ్మలు ఏ నెలలో కొయ్యాలి. ఆ రాతిపొయ్యి మహా మొండిది, అయినా ఎంత చక్కటి భాష! మా అమ్మతోనే పోయాయనుకున్న మాటలు వరసగా వచ్చి కూర్చునేవి. ఈ రోజుల్లో ఇంత తెలిసిన ముసలాడు ఏ ఊరివాడో, ఒకసారి వెళ్లి కలిసి తిట్టి రావాలి అనుకునేవాణ్ని.

ఫిబ్రవరిలో ఒకరోజు నేను రాశాను, స్నానాలయ్యాక మిగిలిన నీళ్లు రాళ్ల మీద పోసేసి తలుపు గట్టిగా మూయాలని. రాతిపొయ్యి ఇలా రాసింది, నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: ‘చాలా ఇళ్లలో ఒక చెంబు వెచ్చని నీళ్లు, ఒక రెమ్మల కట్ట కింది బల్ల మీద ఉంచుతారు, ముందు వెళ్లిపోయినవాళ్లు వచ్చి స్నానం చేస్తారని. ఒక ఇంట్లో అయితే తలుపు మూసుకోకుండా ఎడమకాలి చెక్కబూటు ఒకటి అడ్డం పెడతారు.’

నేను కంప్యూటరు మూసేశాను.

ఆ ఒక ఇల్లు మాదే. ఇంకే ఇంట్లోనూ అలా చెయ్యరు. ఆ బూటు మా నాన్నది. నాకు నాలుగేళ్లప్పుడు ఆయన పోయాడు. కుడికాలిది ఎప్పుడో పగిలిపోయింది. వచ్చేవాడు బయట మంచులో తలుపు తోసుకుంటూ నిలబడకూడదని మా అమ్మ ఆ మిగిలిన బూటు తలుపుకి అడ్డం పెట్టేది. ఆమె పోయాక నేనే మానేశాను. దాన్ని చూసినవాళ్లు లోకంలో నలుగురు: మా అమ్మ, ఆమె లేదు. నేను. అస్తా, అరవై ఏళ్లుగా ఇక్కడున్నా మా భాషలో ఉప్పు అందించమని కూడా రాయలేదు. ఇక నాలుగో మనిషి, ప్రతి శనివారం నానమ్మ చెయ్యి పట్టుకుని ఆడవాళ్ల వంతులో లోపలికెళ్లిన పిల్ల.

తర్వాత తెలిసింది నాకు. చట్టం పెట్టాక మొదటి శనివారం లోపల నానమ్మ వోరోలో పలకరిస్తే ఆ పిల్ల, నాన్న వద్దన్నాడు కదా నానమ్మా అని ఎస్టోనియన్‌లో అడిగిందట. మా అమ్మ రాళ్ల మీద నీళ్లు చల్లి, “మీ నాన్న చట్టం ఈ గడప దాకానే” అందట. పన్నెండేళ్లు, వారానికి రెండు గంటలు. ఈ పద్దెనిమిదేళ్లు హెల్వె ఆ పుస్తకానికి పెట్టిందంతా ఆ చీకటి గదిలో మా అమ్మ పెట్టిందే.

ఊరంతటికీ తెలుసట, హెల్వె వోరోలో రాస్తుందని. నా చట్టమూ ఊరంతటికీ తెలుసు గనక నాకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఈ ఎల్మార్‌కీ తెలుసు. అందుకే ఆ పేజీ తెరిచి ఒళ్లో పెట్టాడు. పుట్టగొడుగుల చోటు దాచినట్టే ఇదీ దాచాడు. (నవ్వులు)

తెలిసిపోయాక నేను ఏం చేశానంటారా? ఫోన్ చేసి ఉండాల్సింది, చెయ్యలేదు. నలభై నాలుగేళ్ల తర్వాత ఏ ముఖం పెట్టుకుని? అదీకాక నాకు ఒక భయం పట్టుకుంది. నా కూతురు నాతో మా భాషలో మాట్లాడే చోటు ఈ భూమ్మీద ఆ ఒక్క చర్చ పేజీయే. నేనెవరో చెబితే ఆమె సిగ్గుపడి రాయడం మానేస్తే? అందుకని పాత ట్రాక్టరుగానే ఉండిపోయాను. ఆదివారం భోజనాల దగ్గర, నాన్నా కాలు నొప్పి తగ్గిందా, తగ్గిందమ్మా. ఇంటికెళ్లాక అదే మనిషి, ‘పాత ట్రాక్టరు గారూ, మీరు మళ్లీ పొరబడ్డారు.’ ఆ మాట చదువుకుని నేను ఎంత మురిసిపోయేవాణ్నో! ఏ తండ్రీ కూతురి చేత తిట్లు తిని అంత మురిసిపోయుండడు.

చివరికి గొడవలన్నీ తేలిపోయి వ్యాసం చక్కబడింది. ఇక ఆమె నాకు రాయాల్సిన పనే లేదు. అందుకని, పెద్దలు క్షమించాలి, కావాలని తప్పులు రాయడం మొదలుపెట్టాను. ఫర్ కట్టెలు శ్రేష్ఠం అని రాశాను. దిద్దింది, నాకో ఉత్తరం దక్కింది. ఆదివారమే స్నానం చెయ్యాలని రాశాను. ఇంకో ఉత్తరం, కాస్త ఘాటుగా. ఆవిరికొట్టంలో ఈల వేస్తే ఆరోగ్యమని రాశాను. అందులో ఈల వెయ్యకూడదని మన పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ సాయంత్రానికల్లా నిర్వాహకురాలి నోటీసు: పదే పదే హెచ్చరించినా వ్యాసాన్ని పాడు చేస్తున్నందుకు పాత ట్రాక్టరును మూడు రోజులు నిషేధించడమైనది. (పెద్దగా నవ్వులు) నవ్వండి, నవ్వండి. కన్నకూతురు తండ్రిని పుస్తకంలోంచి బయటికి పంపింది, అదీ గౌరవనీయ అని సంబోధించి మరీ.

ఆ మూడు రోజుల్లో మొదటిరోజు నేను అన్నం తినలేదు. అస్తా కాసేపు చూసి, “నీ భాష నాకు రాదని సంబరపడుతున్నావు గాని, నీ ముఖం చదవడం వచ్చు. పిల్లని శనివారం స్నానానికి పిలు” అంది.

పిలిచాను. ఎల్మార్‌ని నిచ్చెనెక్కించి అటక మీంచి ఆ చెక్కబూటు దింపించి, దుమ్ము దులిపి, ఏమీ చెప్పకుండా లోపల బల్ల కింద పెట్టాను. కాలికి కట్టుతో, చేతిలో కర్రతో నిప్పు నేనే చూసుకున్నాను. మగవాళ్లం ముందు కానిచ్చాం, తర్వాత అస్తా వెళ్లొచ్చింది, ఆఖరున హెల్వె. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చింది, ముఖం ఎర్రగా, భుజాల మీంచి ఆవిరి లేస్తూ. ఆమె వెనక తలుపు పూర్తిగా మూసుకోలేదు. బెత్తెడు సందు.

నేను మా భాషలో అడిగాను, “తలుపు మూయలేదేం అమ్మా?”

వెనక్కి తిరిగి ఆ సందు వైపు చూసింది. తర్వాత, “తాతకి చలేస్తుంది నాన్నా” అంది.

ఇదిగో, ఈ నీళ్లు ఇందాకే అయిపోయాయి, ఇంకో గ్లాసు.

పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. ఆధారం నేనే అని రాసిన రోజే నువ్వని తెలిసిపోయింది, అలా వాదించే మనిషి ఇంకొకడు లేడు అంది. ఆ చెక్కబూటు వాక్యం వ్యాసం కోసం రాసింది కాదు, నీకోసం రాశాను, తలుపు కొట్టి చూద్దామని, అంది. నేను ఏడుస్తూ, అయితే ఆ నిషేధం తీసెయ్యమ్మా అన్నాను. “ఇంకా ఒకరోజు మిగిలుంది పాత ట్రాక్టరు గారూ. రూలు రూలే” అంది. తియ్యలేదు. ఇంతమంది ముందు చెబుతున్నాను, తియ్యలేదు! (నవ్వులు, చప్పట్లు) అలాంటి మనిషి చేతిలో పద్దెనిమిదేళ్లు పెరిగింది గనకే ఆ పుస్తకం నమ్మదగ్గ పుస్తకమైంది.

ఐదుగురూ వినండి, మీకు మొదటి పని నేనే అప్పజెబుతున్నాను. ఆ చెక్కబూటు వాక్యం ఇప్పటికీ వ్యాసంలో లేదు, చర్చ పేజీలోనే ఉండిపోయింది, ముద్రితమైన ఆధారం లేదని హెల్వెయే ఎక్కించలేదు. పోయిన వసంతంలో మన మ్యూజియంవాళ్లు నన్ను కూర్చోబెట్టి అడిగి రాసుకుని ఆవిరికొట్టాల ఆచారాల మీద చిన్న పుస్తకం వేశారు. ఇదిగో, ముప్ఫై ఒకటో పేజీ. ఇప్పుడు నేను ముద్రితమైన ఆధారాన్ని! రేపే ఎక్కించండి.

మ్యూజియంవాళ్లు ఆ బూటు కూడా అడిగారు, అద్దాలపెట్టెలో పెడతామని. ఇవ్వలేదు, దాని పని ఇంకా అయిపోలేదు. ఇదిగో, సంచీలో తెచ్చాను. ఎల్మార్, నువ్వెలాగూ తలుపు దగ్గరే ఉన్నావు, దీన్ని ఆ తలుపుకి అడ్డం పెట్టు. మనం కాఫీ తాగేలోపు ఇంకెవరైనా రావచ్చు. రాయడం రాదని సిగ్గుపడుతూ బయట నిలబడేవాళ్లు మన ఊళ్లలో ఇంకా చాలామంది ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్నే. ఐదుగురూ ఈ తలుపుని ఇలాగే ఉంచండి. మా అమ్మాయి చేసిందంతా అదే.

మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర నేను పెట్టిన చట్టాన్ని ఇందరు సాక్షుల ముందు, ఉర్వె గారి అధ్యక్షతన, రద్దు చేస్తున్నాను. అస్తా, నువ్వు రాసిన అరపేజీ చదవలేదు, కోపం పెట్టుకోకు, ఇంటికెళ్లాక నీకు ఒక్కదానికే చదివి వినిపిస్తాను. మా అమ్మాయికి శాలువా కప్పిన చేతులకి, ఓపిగ్గా విన్న చెవులకి, సగం మింగి సగం చెప్పిన మా అల్లుడికి నా కృతజ్ఞతలు.

ఈవేళ శనివారం. మధ్యాహ్నం నిప్పు ఆరిపోనిచ్చి తలుపు తీసిపెట్టి వచ్చాను. చేదుపొగ ఈపాటికి పోయుంటుంది, గంటన్నర దాటింది, అరగంట కాదు. హెల్వె, ఈవేళ అందరికంటే ఆఖరున నేను వెళ్తాను. తలుపు సంగతి నేను చూసుకుంటాను.

ఆవిరి చల్లారకముందే ఇంటికి చేరాలి. సెలవు.